ముద్దచర్మ వ్యాధికి మందు: పరిశోధనశాల జల్లెడ చెప్పునది, చెప్పనిది



ఇంట పాడిపశువు గల గృహస్థులు, స్వగ్రామమున తల్లిదండ్రుల వద్ద ఒకటి రెండు ఆవులున్న పట్టణవాసులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, ఫలానా ఆకు రసము ముద్దచర్మ వ్యాధి వైరస్‌ను చంపినదని పరిశోధనలో తేలినదట. మా ఆవుకు పట్టించవచ్చునా?" అని. కొందరు సీసాతో పాటు వచ్చిన అచ్చుకాగితమును కూడా తెచ్చి చూపుదురు. అందులో "ప్రయోగశాలలో నిరూపితము" అను మాట పెద్ద అక్షరములలో ఉండును.

నేను గురుకులమున మూలికలు నూరి వైద్యము నేర్చినవాడను. మన ఆకుల మీద, వేళ్ల మీద నాకు గల విశ్వాసము ఎవరికిని తీసిపోదు. అయినను ఈ ప్రశ్నకు నా సమాధానము ఒక్కటే. పరిశోధనశాల గిన్నెలో వైరస్‌ను అణచిన ద్రవ్యము మందు కాగల అభ్యర్థి. అది మందు అగుటకు ఇంకను ఎన్నో మెట్లు ఎక్కవలెను. ఎక్కువ ద్రవ్యములు మధ్యలోనే జారిపోవును. ఆ మెట్లు ఏవో తెలిసినచో, ఏ మాటను ఎంతవరకు నమ్మవలెనో గృహస్థులే నిర్ణయించుకొనగలరు. వాటిని వివరించుటకే ఈ వ్యాసము.

వ్యాధి ఎట్టిది?

ముద్దచర్మ వ్యాధిని జనులు లంపీ స్కిన్ వ్యాధి అని కూడా పిలుతురు. దీనిని తొలుత 1929లో ఆఫ్రికా ఖండమున, నేడు జాంబియా అని పిలువబడు దేశమున గుర్తించినారు. 1944 నుండి 1949 వరకు దక్షిణాఫ్రికాలో చెలరేగి సుమారు 80 లక్షల పశువులను బాధించినది. మన దేశమున మొదట 2019 ఆగస్టులో ఒడిశా రాష్ట్రమున కనిపించి, తరువాత తెలుగు నేలకు కూడా చేరినది. 2022లో గుజరాత్, రాజస్థాన్, పంజాబ్, హర్యానా మొదలగు రాష్ట్రములలో ఘోరముగా వ్యాపించినది. ఆ ఒక్క సంవత్సరమున దేశమంతట ముప్పది లక్షలకు చేరువగా పశువులు వ్యాధి పాలైనవనియు, లక్షన్నరకు పైగా మరణించినవనియు ప్రభుత్వ లెక్కలు తెలుపుచున్నవి.

మొదట తీవ్రమైన జ్వరము, కంటి నుండి, ముక్కు నుండి నీరు కారుట, మేత మానుట కనిపించును. పిమ్మట చర్మముపై గుండ్రని గట్టి ముద్దలు లేచును. ఇవి సాధారణముగా రెండు నుండి ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఉండును. కాళ్లు, గంగడోలు వాయును. పాలు తగ్గిపోవును. చూడి పశువులు ఈసుకుపోవుటయు కలదు. ముద్దలు పగిలి పుండ్లు పడినచో ఈగలు వాలి పురుగులు పట్టును. మరణించు పశువుల శాతము సాధారణముగా తక్కువే. కాని బ్రతికిన పశువు కూడా నెలల తరబడి కోలుకొనక, ఆ కుటుంబపు పాల ఆదాయము పడిపోవును.

దోమలు, కుట్టు ఈగలు, పిడుదులు ఈ వైరస్‌ను ఒక పశువు నుండి మరొక పశువునకు మోయును. మనుష్యులకు ఇది సోకదు. పాలు చక్కగా కాచి త్రాగిన భయము లేదు. ఈ వైరస్ గొఱ్ఱె మశూచికము, మేక మశూచికము కలిగించు వైరస్‌లకు తోబుట్టువు వంటిది. ఒకనాడు మానవులను పీడించిన మశూచికపు వైరస్‌కు దూరపు దాయాది. ఈ బంధుత్వము ముందుముందు మనకు పనికివచ్చును గనుక గుర్తుంచుకొనవలెను.

ముద్దచర్మ వైరస్‌ను నేరుగా అణచునట్టి, అనుమతి పొందిన మందు నేటికిని ఏ దేశమునను లేదు. అందుచేతనే అట్టి మందు కొరకు అన్వేషణ సాగుచున్నది.

జల్లెడ పట్టుట అనగా నేమి?

వేల కొలది ద్రవ్యములలో వైరస్‌ను అణచు గుణము దేనికి కలదో వెదకి తీయుటను శాస్త్రజ్ఞులు స్క్రీనింగ్ అందురు. మన భాషలో జల్లెడ పట్టుట అనవచ్చును. మేము చూర్ణములను గుడ్డతో వడగట్టు పద్ధతిని వస్త్రగాళితము అందుము. మా గురువుగారు మా చేత గంటల తరబడి వస్త్రగాళితము చేయించి, "గుడ్డ దాటినది ఇంకను ఔషధము కాలేదురా, ఔషధములో చేరుటకు అర్హత పొందినది" అనెడివారు. పరిశోధనశాల జల్లెడకును ఈ మాట అక్షరాల వర్తించును.

పద్ధతి ఇట్లుండును. వైరస్ తనంత తాను పెరగజాలదు. దానికి సజీవ కణము కావలెను. కావున పశువు మూత్రపిండము నుండియో, గొఱ్ఱెపిల్ల వృషణము నుండియో తీసి పెంచిన కణములను వాడుదురు. అరచేయి అంత పలకలో 8 వరుసలు, వరుసకు 12 చొప్పున 96 చిన్న గుంటలు ఉండును. ప్రతి గుంట అడుగున కణములు పలుచని పొరగా పరచుకొనును. వాటిలో నాలుగు రకముల గుంటలు తప్పక ఉండవలెను.

మొదటి రకమున కణములు మాత్రమే ఉండును. ఇవి ఆరోగ్యముగా పెరుగవలెను. రెండవ రకమున కణములతో వైరస్‌ను కలుపుదురు. కొన్ని దినములలో ఇవి చెడిపోవలెను. మూడవ రకమున కణములు, వైరస్, పరీక్షింపబడు ద్రవ్యము మూడును ఉండును. ఇచట కణములు నిలిచినచో ఆ ద్రవ్యమున ఏదో శక్తి కలదని భావింతురు. నాల్గవ రకమున వైరస్ లేకుండ, కణములతో ఆ ద్రవ్యము మాత్రమే ఉండును. ఆ ద్రవ్యము కణములనే చంపుచున్నదా అని చూచుటకు ఇది ఏర్పాటు. ప్రకటనలలో మూడవ గుంట గురించి చెప్పుదురు గాని నాల్గవ గుంట ఊసు ఎత్తరు.

చూడవలసిన రెండు అంకెలు

వైరస్ పెరుగుదలను సగమునకు తగ్గించుటకు ఎంత ద్రవ్యము కావలెనో తెలుపునది మొదటి అంకె. కణములలో సగము చచ్చుటకు ఎంత కావలెనో తెలుపునది రెండవ అంకె. రెండవదానిని మొదటిదానితో భాగించగా వచ్చునది ఆ ద్రవ్యపు విచక్షణ అని చెప్పవచ్చును. శత్రువును, మిత్రుని ఎంతవరకు వేరుచేసి చూడగలదో అది తెలుపును.

ఒక ఉదాహరణ అనుకొందము. ఒక ఆకు సారము మిల్లీలీటరునకు 20 మైక్రోగ్రాముల వద్ద వైరస్‌ను సగము అణచి, 40 మైక్రోగ్రాముల వద్ద కణములలో సగమును చంపినది. నిష్పత్తి రెండు. అట్టిది వైరస్‌ను అణచుచున్నదో, వైరస్ పెరుగు ఇంటినే కూల్చుచున్నదో తెలియదు. మరియొకటి 1 మైక్రోగ్రాము వద్ద వైరస్‌ను అణచి, 100 వద్ద గాని కణములను బాధింపలేదు. నిష్పత్తి వంద. రెండవదాని వెంట పోవుట వివేకము. సాధారణముగా ఈ నిష్పత్తి పదియైనను దాటనిచో పరిశోధకులు ఉత్సాహపడరు.

శాతముల విషయమునను జాగ్రత్త వహింపవలెను. "99 శాతము వైరస్ నశించినది" అను మాట వినుటకు గొప్పగా ఉండును. పది లక్షల వైరస్ కణములలో 99 శాతము పోయినను పదివేలు మిగులును. అవి మరల పెరుగుటకు ఎంతో కాలము పట్టదు.

తప్పుదారి పట్టించు ద్రవ్యములు

మూలికలను జల్లెడ పట్టుటలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులు కలవు. ఇవి మన ఇంటి వస్తువులతోనే వివరింపవచ్చును.

కుంకుడుకాయ, శీకాయ తీసుకొనుడు. వీనిలో సాపోనిన్లు అను నురుగు పదార్థములు కలవు. వైరస్ పైపొరలో కొవ్వు ఉండును గనుక ఇవి గిన్నెలో దానిని కరిగింపవచ్చును. కాని కణముల పైపొరయు కొవ్వుతో ఏర్పడినదే. చేతులు కడుగుకొనుటకు మేలైన ఈ గుణమును, లోపలికి ఇచ్చు మందుగా వాడదగదు.

కరక్కాయ, తుమ్మబెరడు మొదలగు కషాయరస ద్రవ్యములలో టానిన్లు విస్తారముగా ఉండును. కరక్కాయ నమిలినచో నాలుక బిగుసుకుపోవుట మీకు అనుభవమే. టానిన్లు కనిపించిన ప్రతి మాంసకృత్తును పట్టి బిగించును. గిన్నెలో వైరస్ మాంసకృత్తులను కూడా బిగించును. అది ప్రత్యేకమైన వైరస్ విరోధ శక్తి కాదు, తోలు ఊనువారు ఎరిగిన పాత గుణమే. అందుచేత శ్రద్ధ గల పరిశోధకులు సారము నుండి టానిన్లను తొలగించి మరల పరీక్షింతురు.

పసుపు సంగతి మరింత తెలిసికొనదగినది. అందలి కర్క్యుమిన్ అను పదార్థము ఎన్నో రోగముల పరీక్షలలో "పనిచేయును" అని తేలుచుండును. అది అనేక మాంసకృత్తులకు అంటుకొనును, తానే కాంతిని వెలువరించి కొలత పరికరములను భ్రమింపజేయును, ద్రవములో త్వరగా విడిపోవును, నోటి ద్వారా ఇచ్చినచో రక్తములోనికి అత్యల్పముగా చేరును. ఈ విషయములను 2017లో రసాయన శాస్త్రజ్ఞులు ఒక సమగ్ర సమీక్షలో వివరించినారు. దీనివలన పుండుపై పసుపు పూయు ఆచారమునకు లోటేమియు లేదు. పై పూతగా దాని విలువ వేరు, రక్తములోని వైరస్‌ను వెదకి చంపుననుట వేరు.

ద్రవ్యమును ఎప్పుడు కలిపినారనునదియు ముఖ్యము. వైరస్‌ను, ఆకు రసమును ముందుగా ఒకే గొట్టములో కలిపి ఉంచి, తరువాత కణములపై పోసినచో ఆ ఫలితము నేల తుడుచు మందునకు పనికివచ్చును. వైరస్ కణములోనికి ప్రవేశించిన తరువాత ద్రవ్యమును చేర్చి, అప్పటికిని అది అణచినదా అని చూచుట నిజమైన పరీక్ష. మన వద్దకు వచ్చు పశువు అప్పటికే వ్యాధి సోకినదే కదా.

ఇటీవల గిన్నె కూడ లేకుండ కంప్యూటరులోనే జల్లెడ పట్టుచున్నారు. వైరస్ మాంసకృత్తును తాళముగాను, మూలికా పదార్థమును తాళపుచెవిగాను భావించి, ఏది ఎంత చక్కగా అమరునో లెక్కింతురు. వెదకవలసిన చోటును తగ్గించుటకు ఇది ఉపకరించును. అయితే కంప్యూటరు ప్రతి తాళపుచెవికిని ఏదో ఒక అంకె ఇచ్చును. ఆ తాళము నిజముగా తెరచుకొనునో లేదో సజీవ కణములే చెప్పవలెను.

మూడున్నర లక్షలలో ఒకటి

ఈ జల్లెడ నిష్ఫలమని నా అభిప్రాయము కాదు. ముద్దచర్మ వైరస్‌కు దాయాదియగు మశూచికపు వైరస్ విషయమున ఇది ఒక మందును ఇచ్చినది. అమెరికాలో పరిశోధకులు 3,56,240 రసాయనములను, మశూచికమునకు దగ్గరి బంధువులైన వైరస్‌లపై జల్లెడ పట్టినారు. దాని ఫలితములు 2005లో వెలువడినవి. అట్లు తేలిన పదార్థమే టెకోవిరిమాట్. కణములో తయారైన వైరస్ పైపొర కప్పుకొని వెలుపలికి పోకుండ ఇది అడ్డుకొనును.

మశూచికము అప్పటికే లోకమున లేదు గనుక రోగులపై పరీక్షించు అవకాశము లేకపోయినది. కోతులకు, కుందేళ్లకు సజాతి వైరస్‌లను ఎక్కించి, మందు వాటి ప్రాణములు నిలుపుచున్నదని చూచినారు. 359 మంది ఆరోగ్యవంతులకు ఇచ్చి నిరపాయమని పరీక్షించినారు. 2018 జూలైలో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించినది. జల్లెడ ఫలితమునకు, అనుమతికి నడుమ పదమూడు సంవత్సరములు గడచినవి.

కథ అంతటితో ముగియలేదు. ఇదే మందును కాంగో దేశమున ఎంపాక్స్ రోగులు 597 మందితో సాగిన పరీక్షలో వాడి చూచినారు. 2024 ఆగస్టులో ఫలితములు వెలువడినవి. మందు తీసికొన్నవారికి, ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారికి పుండ్లు మానుటలో తేడా కనిపించలేదు. గిన్నెలో గెలిచి, కోతులలో గెలిచిన మందు మనుష్యులలో ఆ పరీక్షను నెగ్గలేకపోయినది.

ఆ పరీక్షలోనే వైద్యులు శ్రద్ధగా గమనింపవలసిన మరొక విషయము బయటపడినది. ఆ దేశమున ఆ వ్యాధితో మరణించువారు నూటికి 3.6 లేదా అంతకు మించి ఉండగా, పరీక్షలో చేరినవారిలో, మందు పుచ్చుకొన్నను లేకున్నను, నూటికి 1.7 మంది మాత్రమే మరణించినారు. వారిని ఆసుపత్రిలో ఉంచి ఆహారము, నీరు సక్రమముగా అందించి, పుండ్లకు సోకు ఇతర వ్యాధులకు చికిత్స చేసినారు. పథ్యము, పరిచర్య ఎంతటి బలము కలవో ఇంతకన్న వేరే సాక్ష్యము అక్కరలేదు.

గిన్నెకు, గోవునకు నడుమ

ఇప్పుడు ఆవు వద్దకు వత్తము. పైన చెప్పిన మొదటి ఆకునే తీసికొని ఒక చిన్న లెక్క వేయుదము. గిన్నెలో మిల్లీలీటరునకు 20 మైక్రోగ్రాములు కావలసివచ్చినది. 400 కిలోల ఆవు శరీరమున సుమారు 240 లీటర్ల నీరు ఉండును. అంత నీటిలో ఆ గాఢత కలుగుటకు 4.8 గ్రాముల శుద్ధ పదార్థము శరీరములోనికి చేరవలెను. ఎండిన ఆకులో ఆ పదార్థము వెయ్యింట ఒక వంతు ఉన్నదనుకొన్నచో 4.8 కిలోల ఎండు ఆకు కావలెను. కడుపులో పడినదానిలో పదింట ఒక వంతు మాత్రమే రక్తమునకు చేరునెడల 48 కిలోలు కావలెను. అదియు ఒక మోతాదునకు! గుప్పెడు ఆకు నూరి పట్టించినచో రక్తములోని వైరస్ చచ్చునని లెక్క ఒప్పుకొనదు.

ఆవు కడుపు కూడా మన కడుపు వంటిది కాదు. నాలుగు అరలు గల ఆ కడుపులో మొదటి అర వంద లీటర్లకు పైగా పట్టు పులియబెట్టు తొట్టి. అందలి కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని జీర్ణింపజేయునట్లే ఎన్నో మూలికా పదార్థములను కూడా విడగొట్టును. కొన్ని మందులు ఆ సూక్ష్మజీవులనే చంపి, నెమరు ఆపి, పశువును మరింత నీరసింపజేయును. చూడి పశువునకు హాని కలుగునా, పాలలోనికి దిగునా, ఆ పాలు త్రాగు పసిబిడ్డకు ఏమగునను ప్రశ్నలు కూడా తీరవలెను.

ఐవర్‌మెక్టిన్ మంచి ఉదాహరణము. పిడుదులకు, పురుగులకు పశువైద్యులు దీనిని చిరకాలముగా వాడుచున్నారు. 2022లో టర్కీ దేశపు పరిశోధకులు కణములపై ఇది ముద్దచర్మ వైరస్ పెరుగుదలను అడ్డుకొనుచున్నదని ప్రకటించినారు. కాని గిన్నెలో వాడిన గాఢత, మామూలు మోతాదుతో పశువు రక్తములో కలుగు గాఢత కన్న ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఆ మందు పాలలోనికి దిగును. పిడుదుల నివారణకు పశువైద్యుడు చెప్పినప్పుడు వాడుట సబబు. వైరస్ చచ్చునని సొంతముగా మోతాదు పెంచుట ప్రమాదము.

మదరాసు నేర్పిన పాఠము

ఇట్టి ఆశ, నిరాశల చరిత్ర మన పొరుగుననే జరిగినది. 1960వ దశకమున మదరాసు నగరమున మశూచికము ప్రబలియుండెను. మెథిసజోన్ అను మందును రోగుల ఇళ్లలోని వారికి ముందు జాగ్రత్తగా ఇచ్చి చూచినారు. 1963లో ప్రకటించిన ఫలితములు ఆశ్చర్యము గొలిపినవి. మందు పుచ్చుకొన్న 1,101 మందిలో ముగ్గురికి, అదియు తేలికగా, వ్యాధి వచ్చినది. పుచ్చుకొనని 1,126 మందిలో 78 మందికి సోకి 12 మంది మరణించినారు.

ఎంతటివారైనను మందు దొరికినదని సంతసింతురు. కాని తరువాత అదే నగరమున, మరింత కట్టుదిట్టముగా జరిగిన పరీక్షలలో అంతటి ఫలము కనిపించలేదు. వ్యాధి వచ్చినవారికి నయము చేయుటలో అది అక్కరకు రాలేదు. వాంతులు ఎక్కువగా కలిగించెడిది. చివరకు మశూచికమును లోకము నుండి పారద్రోలినది టీకాయే. 1977లో సోమాలియాలో సహజముగా సోకిన చివరి రోగి కనిపించగా, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్మూలనను ప్రకటించినది.

పశువుల ప్లేగు అని పేరుగొన్న రిండర్‌పెస్టు సంగతియు అంతే. 2011లో లోకము నుండి నిర్మూలింపబడిన ఆ వ్యాధికి చివరివరకు మందు లేదు. టీకాయు, కాపలాయు దానిని జయించినవి.

నేడు ఇంట చేయదగినవి

మందు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. మనకు అందుబాటులో ఉన్నవి ఇవి.

1. టీకా. బంధుత్వము గుర్తుంచుకొనుడంటిని కదా. మేక మశూచికపు టీకా ఆవులకు కూడా రక్షణ ఇచ్చుట ఆ బంధుత్వము వలననే. మన దేశమున ఎక్కువగా వాడినది ఆ టీకాయే. 2019లో రాంచీలో సేకరించిన వైరస్ నుండి హిస్సార్, ఇజ్జత్‌నగర్ పరిశోధన సంస్థలు తయారు చేసిన లంపి ప్రోవాక్ టీకాను 2022 ఆగస్టు 10న విడుదల చేసినారు. 2025లో బయోలంపివాక్సిన్ అను మరొక టీకాకు కేంద్ర అనుమతి లభించినది. నాలుగు నెలలు నిండిన దూడలు మొదలు ఆరోగ్యముగా ఉన్న పశువులన్నిటికిని, పశువైద్యుని సలహాతో ఏటా వేయించవలెను. జబ్బు చేసిన పశువునకు వేయించరాదు.

2. వేరు చేయుట. జ్వరమో, ముద్దయో కనిపించిన పశువును వెంటనే విడిగా కట్టి, తొట్టి, తాడు, పాలగిన్నె వేరుగా ఉంచవలెను. ముద్దల నుండి రాలిన పొక్కులలో వైరస్ నెలకు పైగా బ్రతుకగలదు. వాటిని ఏరి కాల్చివేయవలెను. పశువుల ఆస్పత్రికి కబురు పంపవలెను. జబ్బు పశువును సంతకు తోలుట ఊరికి ద్రోహము.

3. దోమలు, ఈగలు, పిడుదులు. పేడను దూరముగా వేసి, నీరు నిలువకుండ చూచి, సాయంకాలము కొట్టములో వేపాకు పొగ వేయవలెను. దోమతెర కట్టగలిగిన మరింత మేలు. ఈ పని వైరస్ మార్గమును నేరుగా కత్తిరించును.

4. పరిచర్య. మెత్తని పచ్చిమేత, పలుచని జావ, బెల్లము కలిపిన నీరు కొద్దికొద్దిగా, మాటిమాటికి ఇవ్వవలెను. నోటి పుండ్లు ఉన్న పశువునకు గొట్టముతో బలవంతముగా పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణముల మీదికి వచ్చును. జ్వరమునకు, పుండ్లలో చేరు ఇతర క్రిములకు పశువైద్యుని చికిత్స తప్పనిసరి.

5. పుండ్లకు పై పూత. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ రైతులకు తెలిపిన యోగము ఇది. కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి ఒక్కొక్క గుప్పెడు, వెల్లుల్లి 10 రెబ్బలు, పసుపు 20 గ్రాములు మెత్తగా నూరి, అర లీటరు నువ్వుల నూనెలో గాని కొబ్బరి నూనెలో గాని కాచి చల్లార్చవలెను. పుండును శుభ్రపరచి పూయవలెను. పురుగులు పట్టినచో మొదటి దినమున సీతాఫలపు ఆకు ముద్ద గాని, కర్పూరము కలిపిన కొబ్బరి నూనె గాని పెట్టవలెను. పుండును శుభ్రముగా ఉంచి, ఈగను దూరము చేసి, మానుటకు తోడ్పడుట దీని ప్రయోజనము. శరీరము లోపలి వైరస్‌ను చంపుటకు దీనిని ఉద్దేశింపలేదు.

సీసా కొనుటకు ముందు అడుగవలసిన ఐదు ప్రశ్నలు

ఎవరైనను "ఇది వైరస్‌ను చంపును" అని చెప్పినచో ఈ ప్రశ్నలు వేయుడు. ఎచట చంపినది, గిన్నెలోనా, కంప్యూటరులోనా, ఆవులోనా? గిన్నెలోని కణములకు హాని చేయలేదని చూచినారా? వ్యాధి సోకిన తరువాత ఇచ్చి చూచినారా, ముందే కలిపి చూచినారా? మందు ఇచ్చిన పశువులతో, ఇవ్వని పశువులను పోల్చినారా? పాలు, చూలు విషయమున పరీక్షించినారా? ముద్దచర్మ వ్యాధిలో చాలా పశువులు పరిచర్యతోనే కోలుకొనును గనుక నాల్గవ ప్రశ్న మిగుల ముఖ్యము. పది ఆవులకు రసము పట్టించగా తొమ్మిది బ్రతికినచో, పట్టించకున్నను తొమ్మిది బ్రతికియుండెడివేమో అని ఆలోచింపవలెను.

మన మూలికలలో ఈ ఐదు ప్రశ్నలకు నిలువగల ద్రవ్యము లేదని నేననను. ఉండవచ్చును. అది దొరకుటకు మార్గము కూడా ఈ జల్లెడయే. సరియైన ఓషధిని గుర్తించి, సరియైన ఋతువులో సేకరించి, పరిశోధనశాలలో మెట్టు మెట్టుగా నిలిపి చూడవలెను. అట్లు నిలిచిన మూలికకు నేనే మొదట జేజేలు పలుకుదును. అంతవరకు సీసా కొరకు కూడబెట్టిన డబ్బును దాణాకును, దోమతెరకును వినియోగింపుడు. ఇంటి పంచాంగములో ఆవుకు టీకా వేయించిన తేదీని వ్రాసి ఉంచుడు. గడువు దాటినదేమో ఈ దినముననే ఒకసారి చూచుకొనుడు.